గీత కింద రెండు చుక్కలు

నా సంతకం నాకంటే మా ఆయనకే బాగా వచ్చు. ఇది గొప్పగా చెప్పుకునే మాట కాదని నాకు అరవై దగ్గరపడ్డాక తెలిసింది, అదీ ఒక గవర్నర్ ఎన్నిక పుణ్యమా అని. అప్పటిదాకా నాకది హాయిగానే ఉండేది.

మేమున్న రాష్ట్రం పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆ కౌంటీ ఆఫీసు (మన జిల్లా ఆఫీసు లాంటిది) ఏదో, అందులో కౌంటర్ అద్దం వెనక కూర్చున్నావిడ ఎవరో తెలిసిపోతుంది. ఆవిడకి నా వల్ల మాట రావడం నాకిష్టం లేదు.

పెళ్లయ్యాక డిపెండెంట్ వీసా మీద ఈ దేశం వచ్చాను. కాగితాలన్నీ ఆయనే చూసుకునేవారు. ఫారం చూస్తే కొందరికి నిద్రొస్తుంది, మా ఆయనకి హుషారొస్తుంది. ఇంజనీరు కదా, నల్ల పెన్నుతో, పెద్దక్షరాలతో, ఒక్క గీత కూడా గడి దాటకుండా నింపుతారు. అంతా అయ్యాక "ఇదిగో, ఇక్కడ సంతకం పెట్టు" అని కేకేసేవారు. నేనప్పుడు చపాతీ పిండిలోనో, అమ్మాయి జడలోనో ఉండేదాన్ని. "చేతులు ఖాళీ లేవు, మీరే గీకేయండి" అనేదాన్ని. మొదట్లో కాస్త మొహమాటపడ్డారు. తర్వాత పిలవడం మానేశారు. అమ్మాయి స్కూలు కాగితాలు, పళ్ల డాక్టరు కాగితాలు, ఇన్సూరెన్సు కాగితాలు, అన్నిటి మీదా పేరు నాది, చెయ్యి ఆయనది. నేను సిటిజెన్ అయిన వారంలోనే ఓటరు నమోదు ఫారం వచ్చింది. అదీ ఆయనే నింపారు, ఆయనే గీకారు.

మా రాష్ట్రంలో బ్యాలెట్ పోస్టులో ఇంటికే వస్తుంది. గడులు నింపి, కవర్లో పెట్టి, కవరు వెనక సంతకం చేసి పంపాలి. ఆఫీసులో ఆ సంతకాన్ని తమ దగ్గరున్న పాత సంతకాలతో పోల్చి చూస్తారు. కలిస్తే కవరు తెరుస్తారు, కలవకపోతే పక్కన పెడతారు. ప్రతి ఎన్నికకీ మా ఇంటికి రెండు కవర్లు వచ్చేవి. ఆయన ఆదివారం కాఫీ తాగుతూ రెండూ పూర్తి చేసేవారు. "ఈసారి నేను ఎవరికి వేశానండీ?" అని అడిగేదాన్ని. ఇద్దరం నవ్వుకునేవాళ్లం. నవ్వులాట విషయమేననుకున్నాం, నిజంగా.

ఇక్కడ గవర్నర్‌ని జనమే ఓటేసి ఎన్నుకుంటారు; ఆ ఏడాది ఆ పోటీ మహా బిగువుగా ఉంది. ఒకవైపు స్కూలు ప్రిన్సిపాల్‌గా చేసి రిటైరైన ఒకావిడ, ఇంకోవైపు ట్రాక్టర్లు అమ్మే ఒకాయన. ఎవరు గెలుస్తారో చెప్పలేమని టీవీలో రోజూ చెప్పేవాళ్లు. చెప్పలేని సంగతిని అంతంతసేపు ఎలా చెప్తారో నాకర్థమయ్యేది కాదు. రోడ్డు మీద సగం ఇళ్ల ముందు ఒకరి బోర్డు, సగం ఇళ్ల ముందు ఇంకొకరి బోర్డు. ఏళ్ల తరబడి పచ్చగడ్డి మీంచి చెయ్యూపుకున్న ఇరుగుపొరుగులు తలలు తిప్పుకుని కార్లెక్కేవాళ్లు. మా ఆయన ట్రాక్టర్లాయన వైపు.

అక్టోబర్‌లో తెలిసినవాళ్లింట్లో పాట్‌లక్ జరిగింది, తలా ఒక వంటకం పట్టుకెళ్లే విందు. మగవాళ్లంతా బేస్‌మెంట్‌లో చేరి ఎలక్షన్ మాటల్లో ఉన్నారు. నేను గారెల పళ్లెం పట్టుకుని మెట్లు దిగుతుంటే ఆ ఇంటాయన మా ఆయన్ని అడగడం వినిపించింది.

"అన్నా, మీ ఇంట్ల ఎన్ని ఓట్లున్నయ్?"

"రెండు. రెండూ మనవే," అని మా ఆయన రెండు వేళ్లు చూపించారు. ఆ చేత్తోనే నా పళ్లెంలోంచి ఒక గారె తీసుకున్నారు.

ఆ రెండు వేళ్లలో ఒకటి నేను. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన తప్పేమీ మాట్లాడలేదు, ఉన్న మాటే అన్నారు. మండింది అందుకే.

నేను మా ఊరి లైబ్రరీలో వారానికి మూడు రోజులు పనిచేస్తాను, తిరిగొచ్చిన పుస్తకాలను సర్ది అరల్లో పెట్టే పని. మర్నాటి నుంచి లంచ్ టైమ్‌లో ఆ ఇద్దరి గురించీ దొరికిందల్లా చదివాను. వారం చదివాక ఎవరికి వెయ్యాలో తేలింది. బ్యాలెట్లు వచ్చిన రోజు పోస్టు డబ్బా నేనే ముందు తెరిచాను. నా కవరు తీసుకుని లాండ్రీ రూమ్‌లోకి వెళ్లి, తలుపేసి, వాషింగ్ మెషీన్ మీద పెట్టుకుని గడి నింపాను. నా ఇంట్లో నేనే దొంగలా ఉన్నాను. మెషీన్ గిరగిరా తిరుగుతోంది, నా గుండె కూడా దానితోపాటే.

కవరు వెనక సంతకం దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగాను. నాకంటూ ఒక సంతకం ఉండేది. పెళ్లికి ముందు రెండేళ్లు ఒక ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెప్పాను. రోజూ పొద్దున హెడ్ క్లర్కు బల్ల మీద హాజరు పట్టీలో సంతకం చెయ్యాలి. మొదటి అక్షరం పెద్దగా వేసి, మిగతా పేరు ఒక్క ఊపులో లాగి, కింద గీత గీసి, గీత కింద రెండు చుక్కలు పెట్టేదాన్ని. "ఆ చుక్కలెందుకమ్మా, దిష్టి తగలకుండానా?" అని హెడ్ క్లర్కు ఏడిపించేవాడు. ఆ సంతకమే పెట్టాను. చుక్కలు కూడా పెట్టాను. లైబ్రరీ బయట బ్యాలెట్ కవర్ల కోసం పెట్టిన డ్రాప్ బాక్సులో వేసేసి వచ్చాను.

"నీ కవరు రాలేదేంటి?" అని ఆదివారం ఆయన అడిగారు.

"వచ్చింది. పంపేశాను."

"నువ్వా?"

"ఏం, నాకు చేతుల్లేవా?"

"మన ట్రాక్టర్లాయనకే కదా?" అన్నారు ఆయన. నేను వెంటనే చట్నీకి మిక్సీ వేశాను. ఆ రోజు మిక్సీ అవసరమైనదానికంటే ఎక్కువసేపే తిరిగింది.

ఎన్నికలైపోయాయి కానీ ఫలితం తేలలేదు. ఇద్దరి మధ్య తేడా ఎంత తక్కువంటే, పక్కన పెట్టిన కవర్లే గెలుపోటములు తేలుస్తాయన్నారు. రెండు పక్షాల లాయర్లూ దిగారు. దొంగ ఓట్లు పడ్డాయని ఒకళ్లు, నిజం ఓట్లు పారేస్తున్నారని ఇంకొకళ్లు. అదంతా ఎవరి గురించో అనుకుంటూ నేను పప్పు తాలింపు వేసుకుంటూ చూశాను.

తర్వాతి బుధవారం కౌంటీ నుంచి నా పేరున ఉత్తరం వచ్చింది. ఇంట్లో ఉత్తరాలు విప్పేది ఆయనే కనుక ఆయనే విప్పారు. నిలబడి చదువుతున్న మనిషి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఏమైందండీ?"

"నీ ఓటు పక్కన పెట్టారు. సంతకం కలవలేదట."

"నా సంతకమే కదా పెట్టాను!"

"అదే మరి. వాళ్ల దగ్గరున్నవన్నీ నేను పెట్టినవి."

ఆ ముక్క బుర్రకెక్కడానికి నాకు కాస్త టైము పట్టింది. నా పేరుతో ఇన్నేళ్లుగా ఆయన పెట్టినవన్నీ అసలు సంతకాలై కూర్చున్నాయి. ఓటు కవరు మీద మొదటిసారి నేను నా చేత్తో పెట్టింది నకిలీ అయింది. నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. అప్పటికే లాప్‌టాప్ తెరిచి ఏదో వెతుకుతున్నారు. వెతికిందేదో దొరికినట్టుంది, మొహం బూడిద రంగుకి తిరిగింది.

"ఇంకొకళ్ల పేరు మీద ఓటరు కాగితాల్లో సంతకం పెడితే ఫెలనీ అంట," అన్నారు.

"అంటే?"

"జైలు కూడా పడొచ్చు. ఉద్యోగం ఎలాగూ పోతుంది."

"మన సిటిజెన్‌షిప్?"

"ఏమో."

ఒక కాగితం గురించి ఆయన నోట 'ఏమో' అనే మాట వినడం అదే మొదలు. పొయ్యి మీద తాలింపు మాడిన వాసన వస్తున్నా లేవలేకపోయాను.

ఉత్తరంలో గడువు శుక్రవారం సాయంత్రం అయిదింటి దాకా. ఐడీ తీసుకుని ఆఫీసుకి వచ్చి, సంతకం నాదేనని ప్రమాణం చేస్తే ఓటు లెక్కలోకి తీసుకుంటారు. వెళ్తే వాళ్లు పాత సంతకాలు ముందు పెట్టి, మరి ఇవి ఎవరు పెట్టారని అడగొచ్చు. నిజం చెబితే ఆయన పని అయిపోతుంది.

"వదిలేద్దామే. ఒక్క ఓటే కదా," అన్నారు ఆయన.

నేనూ వదిలేద్దామనే అన్నాను. సిగ్గుపడాల్సిన మాటే అయినా దాచను, ఆ క్షణంలో నాకు ఓటూ వద్దు, ఏమీ వద్దు, ఆయన ఇంట్లో ఉంటే చాలనిపించింది. కానీ ఆయన అలవాటు ప్రకారం ఉత్తరం రెండోవైపు కూడా చదివారు. అక్కడ చిన్నక్షరాల్లో ఉంది: గడువులోగా తేలని కవర్లను విచారణకు పంపవచ్చు. వెళ్తే గొయ్యి, వెళ్లకపోతే నుయ్యి అన్నట్టయింది మా పని.

గురువారం పొద్దున ఎవరో తలుపు కొట్టారు. మా ఇంటి బెల్ పాడై ఏడాదైంది, తలుపు బాదితే తప్ప వినపడదు. ఆ చప్పుడుకి ఆయన చేతిలో టీ ఒలికింది. కిటికీ అద్దంలోంచి చూశాను. రెయిన్‌కోట్ వేసుకున్న ఒకావిడ, చేతిలో క్లిప్‌బోర్డు. ఆయన వంటింటి పక్కన బియ్యం బస్తాలు పెట్టుకునే ప్యాంట్రీలోకి వెళ్లి నిలబడ్డారు. ఆఫీసులో పదిమందికి బాసు, బాస్మతి బస్తా పక్కన ఊపిరి బిగబట్టుకుని.

ఆవిడ నా పేరుని ముక్కలుముక్కలుగా చదివింది. నా పేరు పక్కన పెట్టిన కవర్ల లిస్టులో ఉందనీ, శుక్రవారంలోగా వెళ్లమనీ, కారు లేకపోతే తనే తీసుకెళ్తాననీ చెప్పింది. ఆ లిస్టు కౌంటీ పార్టీలన్నిటికీ ఇస్తుందట; ఏ పార్టీ అని ఆవిడ అడగలేదు, చెప్పలేదు. నా భుజం మీదుగా లోపలికి చూసి, గొంతు తగ్గించి అడిగింది. "మిమ్మల్ని వెళ్లొద్దని ఎవరైనా అంటున్నారా?"

లేదని గబగబా తల ఊపాను. మా పేర్లు ఇంకా ఎవరెవరి క్లిప్‌బోర్డుల్లో ఉన్నాయో అనిపించి, ఆవిడ వెళ్లగానే గడియ పెట్టాను. గంట తర్వాత తన పార్టీ పేరు చెప్పుకుని ఇంకో మనిషి వచ్చాడు. టై కట్టుకున్నాడు, నవ్వుతూనే ఉన్నాడు. "మీ బ్యాలెట్ వేరే ఎవరైనా వేసి ఉంటే మాకు చెప్పొచ్చు, మీకేం కాదు," అని కార్డు ఇచ్చి వెళ్లాడు. మీకేం కాదు అన్నాడు. మీ ఇంట్లోవాళ్లకి ఏం కాదు అనలేదు.

మధ్యాహ్నం ఎదురుగా బూడిద రంగు పికప్ ట్రక్కు ఒకటి ఆగి గంటసేపు కదల్లేదు. ఇద్దరం కర్టెన్ చాటునుంచి ఆ గంటా చూశాం. తీరా అందులోంచి దిగినవాడు నిచ్చెన తీసి పక్కింటివాళ్ల కప్పు మీద రాలిన ఆకులు ఊడ్చాడు.

వేరే ఊళ్లో ఉద్యోగం చేసుకుంటున్న మా అమ్మాయికి ఫోన్ చేశాను.

"అమ్మా, వెయిట్. నాన్న నీ సైన్ చేశాడా? ఆల్వేస్?"

"ఆల్వేసే. మొన్న ఒక్కసారి తప్ప."

"ఓ మై గాడ్. అమ్మా, అది ఫ్రాడ్. ఎవరికీ ఏం చెప్పకు. ఫోన్‌లో కూడా చెప్పకు," అని పెట్టేసింది. రెండు నిమిషాలకి మెసేజ్ పెట్టింది, ఇద్దరూ జాగ్రత్త, ఇది డిలీట్ చెయ్యండి అని. ఆ మెసేజ్ ఎలా డిలీట్ చెయ్యాలో తెలియక నాకు ఇంకో పావుగంట భయం.

ఆ రోజు మూడింటికి మా ఆయన ఒక నిర్ణయానికొచ్చారు. డైనింగ్ టేబుల్ మీద రాత పుస్తకం, రెండు పెన్నులు పెట్టారు.

"కూర్చో. నా... అంటే, నీ సంతకం నేర్చుకో. రేపు అక్కడ అది పెడితే పాతవాటితో కలిసిపోతుంది. ఏ ప్రశ్నా రాదు."

కూర్చున్నాను. ఏం చెయ్యను? ఆయన ఒకటి పెట్టి చూపించారు. నిజానికి అందమైన సంతకం, నాదానికంటే పొందిగ్గా ఉంటుంది. కింద గీత లేదు, చుక్కల్లేవు, చివర తోక మాత్రం పైకి లేస్తుంది. నేను దాన్ని చూసి దించాను. నా పేరునే, నా చేత్తో, ఆయనదాన్ని చూసి.

"అలా నొక్కకు. తేలిగ్గా. తోక పైకి పోవాలి. అబ్బా, చుక్కలెందుకు పెడతావ్!"

"అలవాటు."

"ఆ అలవాటే మన కొంప ముంచుతుంది."

రెండు పేజీలు నింపాను. ప్రతి నాలుగోదానికీ గీత పడిపోయేది, గీత పడితే చుక్కలు వాటంతట అవే పడేవి. ఆయన ఎర్ర పెన్నుతో సున్నా చుడుతున్నారు. మూడో పేజీలో నాకు తిక్క రేగింది.

"నా సంతకం ఇన్నేళ్లు మీరు పెట్టుకున్నారు. ఇప్పుడు నాకే తప్పులు దిద్దుతున్నారా?" అని పెన్ను విసిరాను. అది వెళ్లి ఫ్రిజ్‌కి తగిలింది.

ఆయన లేచి పెన్ను తీసుకొచ్చి, మూత పెట్టి, దాన్నే చూస్తూ నిలబడిపోయారు. "నీకు అన్యాయం చెయ్యాలని చెయ్యలేదే," అన్నారు. నాకు తెలుసు. చెయ్యలేదు. పిండి చేతులతో నేనే గీకేయమన్నాను. ఇద్దరం కలిసి చేసుకున్నదే. కూర్చుని మళ్లీ మొదలుపెట్టాను. చీకటి పడేలోగా పుస్తకంలో సగం నిండింది, చుక్కలు రావడం మానేశాయి. ఆ కాగితాలన్నీ ఆయన ముక్కలు చేసే మెషీన్‌లో వేస్తుంటే ఆ చప్పుడు వీధిలోకి వినపడుతుందేమోనని నేను టీవీ పెట్టాను. టీవీలో కవర్ల లెక్కే చెప్తున్నారు.

శుక్రవారం రెండింటికి బయల్దేరాం. దారంతా ఆయన నాకు పరీక్ష పెట్టారు. ఇలా అడిగితే ఏం చెప్తావ్, అలా అడిగితే ఏం చెప్తావ్. పక్కనే కూర్చుని అన్నీ తనే మాట్లాడాలని ఆయన ప్లాను. కౌంటీ ఆఫీసు ముందు రెండు గుంపులు బోర్డులు పట్టుకుని ఒకళ్ల మీద ఒకళ్లు అరుచుకుంటున్నారు, మధ్యలో పోలీసులు. మేం తలలు దించుకుని నడిచాం. తలుపు దగ్గర గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఓటరు ఒక్కరే లోపలికి," అన్నాడు.

ఆయన నా వైపు చూశారు. ఈ దేశంలో నేను ఆయన లేకుండా వెళ్లిన గవర్నమెంటు ఆఫీసు ఒక్కటీ లేదు. జేబులోంచి తన నల్ల పెన్ను తీసి నా చేతిలో పెట్టి, "తోక పైకి," అన్నారు నెమ్మదిగా.

లోపల అరగంట నిలబడ్డాక నా వంతు వచ్చింది. అద్దం వెనక నా వయసావిడ, మెడలో గొలుసుకి వేలాడే కళ్లజోడు. ఆవిడకి చెరోపక్కనా ఒక్కో పార్టీ తరఫున పరిశీలకులు, మెడల్లో కార్డులు. వాళ్లలో ఒకడు నిన్న మా ఇంటికొచ్చిన టై మనిషి. నన్ను చూసి నవ్వాడు.

ఆవిడ నన్ను కూర్చోమని ఐడీ చూసింది. లైసెన్సు మీదున్నది ఎప్పుడో లైసెన్సు ఆఫీసులో గాజు పలక మీద గీకిన వానపాము, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కుడిచెయ్యి ఎత్తమంది. ఎత్తాను. గాజులు మోచేతి దాకా జారాయి. ఈ కవర్లో ఉన్న ఓటు నేనే వేశాననీ, కవరు మీది సంతకం నాదేననీ ప్రమాణం. ఒక్కో మాటా ఆవిడ చెప్పినట్టే చెప్పాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

"ఇక్కడ సంతకం చెయ్యండి," అంది.

చేశాను. తేలిగ్గా, తోక పైకి. నిన్నటి పేజీల్లో ఒక్కటి కూడా అంత బాగా రాలేదు. ఆవిడ దాన్ని తెర మీద ఉన్నవాటితో పోల్చి చూసి ఊపిరి పీల్చుకుంది. "ఇదిగో, ఇది మీ సంతకం. కవరు మీద తొందరలో పెట్టినట్టున్నారు."

టై మనిషి ముందుకు వంగాడు. కవరు చూపించమన్నాడు. నా గీతనీ, చుక్కల్నీ దగ్గరగా పెట్టుకుని చూశాడు. "రెండింటికీ పోలికే లేదు. ఈ చుక్కలేమిటి?"

ఆవిడ నా వైపు తిరిగింది. "రెండూ మీవేనా?"

బయట నిలబడి ఉన్న మనిషి కళ్ల ముందు మెదిలారు. ప్యాంట్రీలో బియ్యం బస్తా పక్కన నిలబడ్డ మనిషి. ప్రమాణం చేసి ఇంకా అయిదు నిమిషాలైనా కాలేదు.

"అవును," అన్నాను.

గుండె చప్పుడు అద్దం అవతలికి వినపడుతుందేమోనని పర్సు ఛాతీకి అదుముకున్నాను. టై మనిషి ఏదో రాసుకుని వెనక్కి వాలాడు. ఆవిడ ముద్ర వేసింది. "మీ ఓటు లెక్కలోకి వెళ్తుంది. మీరు వెళ్లొచ్చు."

వెళ్లిపోవాల్సింది. లేచాను కూడా. కానీ ఆవిడన్న మాట లోపల ముల్లులా గుచ్చుకుంది. ఇది మీ సంతకం అంది. ఆయన చెయ్యి చూపించి, ఇది మీది అంది. ఆ మాటని కాదనడానికి వీల్లేకుండా నేనే అవునన్నాను. భయంలోంచి కోపం ఎలా వచ్చిందో తెలియదు, మళ్లీ కూర్చున్నాను.

"సంతకం మార్చుకోవచ్చా?" అని అడిగాను.

"మార్చుకోవచ్చు. వయసుతో చేతిరాత మారుతుంది కదా," అని ఒక ఫారం ఇచ్చింది. మూడు గడులున్నాయి. మూడింటిలోనూ ఒకేలా పెట్టాలట.

మొదటి గడిలో పెన్ను పెట్టాను. తోక పైకి లేచింది. ఆయనది. చెయ్యి దానంతట అదే పెట్టేసింది. కొట్టేసి, పక్కన మళ్లీ ప్రయత్నించాను. మళ్లీ అదే.

అప్పుడు వేసిన భయం మూడు రోజులుగా పడ్డ భయాల్లాంటిది కాదు. అవన్నీ ఆయన గురించి. ఇది నా గురించి. ఒక్క మధ్యాహ్నంలో నా చేతిలోంచి నా సంతకం పోయింది, ఇక రాదేమో అనిపించి ఏడుపొచ్చింది. ఇంకో ఫారం ఇవ్వమన్నాను. ఆవిడ ఏమీ అడక్కుండా ఫారంతో పాటు ఒక తెల్ల కాగితం కూడా జరిపింది.

కళ్లు మూసుకున్నాను. హెడ్ క్లర్కు బల్ల. అట్ట ఊడిన హాజరు పట్టీ. దారంతో కట్టేసిన పెన్ను. వెనక ఇంకో లెక్చరర్ తొందరపెడుతోంది, బెల్లు కొడుతున్నారు. నేను నిలబడే, వంగి, ఒక్క ఊపులో లాగేదాన్ని. అవును, నిలబడి పెట్టేదాన్ని. లేచి నిలబడ్డాను. పెద్ద అక్షరం, ఊపు, గీత, రెండు చుక్కలు. తెల్ల కాగితం మీద ఒకటి. తర్వాత గడుల్లో మూడు.

ఆవిడ ఫారం తీసుకుంది. దాన్ని చూసింది. కవరు చూసింది. తెర మీద వరసగా ఉన్న పాతవి చూసింది. కళ్లజోడు తీసి నన్ను చూసింది. ఆవిడకి అర్థమైంది. అందులో నాకు అనుమానం లేదు. పక్కన టై మనిషి అప్పటికే తర్వాతి వాళ్ల కవరు మీద పడ్డాడు. ఆవిడ ఒక్క మాట అంటే చాలు. నేను బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను.

ఆవిడ ముద్ర తీసి మెల్లగా వేసింది. "ఇక నుంచి ఇదొక్కటే చూస్తాం," అంది. తర్వాత నాకు మాత్రమే వినపడేలా, "ఇంట్లో కూడా చెప్పండి," అంది.

బయట ఆయన కారు పక్కన నిలబడి ఉన్నారు. "అడిగారా? పాతవాటి గురించి అడిగారా?"

"రెండూ నావేనా అన్నారు. నావే అన్నాను."

ఆయన కారుకి ఆనుకుని కళ్లు మూసుకున్నారు. పెన్ను తిరిగి ఇచ్చేశాను. "ఇక నుంచి నా సంతకం మీరు పెడితే చెల్లదు. మార్చేసుకున్నాను," అన్నాను. ఆయన తల ఊపారు.

"ఎవరికి వేశావే?" అన్నారు హైవే ఎక్కాక. ఇన్నేళ్ల కాపురంలో ఆ ప్రశ్న ఆయన అడగడం అదే మొదటిసారి. ఇదివరకు ఆయనకే తెలిసేది కదా.

చెప్పలేదు. ఇక్కడా చెప్పను. వారం తర్వాత ఇద్దరిలో ఒకరు వెంట్రుకవాసిలో గెలిచారు, ఇంకొకరు ఏడ్చారు. నేను మాత్రం చాలా నెలలు పోస్టు డబ్బా తెరవాలంటే భయపడ్డాను. కౌంటీ నుంచి చెత్త బండి టైములు మారాయని ఉత్తరం వచ్చినా రెండోవైపు కూడా తిప్పి చదివేదాన్ని. ఎవరైనా తలుపు కొడితే ఇప్పటికీ ఆయన ముందు ప్యాంట్రీ వైపు చూస్తారు.

రెండేళ్లకి మళ్లీ ఎన్నికలొచ్చాయి. ఆదివారం పొద్దున ఆయన రెండు కవర్లూ తెచ్చి, నాది నా ముందు పెట్టారు. నల్ల పెన్ను మూత తీసి నా వైపు తిప్పి పెట్టారు. తన కవరు, తన కాఫీ పట్టుకుని లాండ్రీ రూమ్‌లోకి వెళ్లి, లోపల్నుంచి తలుపేసుకున్నారు.

గడులు నింపాను. కవరు తిప్పి, లేచి నిలబడి, గీత గీసి చుక్కలు పెట్టాను. నాదే పడింది.

"అయిందా? రావచ్చా?" అని లోపల్నుంచి అడిగారు.

అయిపోయి చాలాసేపైంది. సిరా ఆరిపోయింది కూడా.

"ఇంకా లేదు," అన్నాను.